గడి గేటులో జీపు

"టైరు మడ్‌గార్డుకు తాకుతున్నది దొరా. స్టీరింగ్ తిప్పితే రాసుకుంటది," అన్నాడు యాకోబు.

"రాసుకోనీయ్. సూడనీకి ఎట్లున్నది, అది చెప్పు," అన్నాడు దొర.

పెన్‌పహాడ్ అవతల ఒక పల్లె. అక్కడ కోటలాంటి దొర గడిలో యాకోబు బందీ. సూర్యాపేటలో లారీలు బాగుచేసుకుని బతికేవాణ్ణి ఒక్క పూట పని ఉందని పిలిపించి, లోపలికి రాగానే గేటుకు తాళం వేయించాడు దొర. ఆ పూట కాస్తా నెల అయింది. జీపు తయారైతే వదిలేస్తానన్నాడు.

నిజాం పాలన నేడో రేపో అన్నట్టున్న రోజులు. ఊళ్ళు తిరగబడుతున్నాయి. చుట్టుపక్కల దొరలు ఎప్పుడో పట్నం చేరుకున్నారు. ఈయనకు మాత్రం భూములు వదిలిపోవడానికి మనసొప్పలేదు. గోడ బయట జనం, గోడ లోపల ఈయన. అందుకే మిలిటరీ వాళ్ళు హరాజు వేసిన జీపునొకదాన్ని లారీ మీద తెప్పించాడు.

తీరా చూస్తే దాన్ని చూసి కుక్క కూడా మొరగలేదు. బక్క టైర్లు, వాటి మీద వెడల్పాటి మడ్‌గార్డులు. అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉంది.

"దీనికి మేకలు గూడ పక్కకు జరగవు. సూసినోని గుండె జారాలె," అన్నాడు దొర.

యాకోబు ట్రక్కు టైర్లు ఎక్కించాడు. అవి మడ్‌గార్డుల్లో ఇరుక్కున్నాయి. అంచులు కోశాడు. కమాను స్ప్రింగులకు చెక్క దిమ్మెలు వేసి బండిని పైకి లేపాడు. ఇప్పుడు సందు ఎక్కువై, చక్రాలు బండివి కానట్టు కనిపించాయి. మడ్‌గార్డు రేకు వంచి కిందికి దించాడు. సందు నాలుగు వేళ్ళకు వచ్చింది.

అంతే, జీపు అమాంతం పెద్దదైపోయింది. ఎవరి మీదికో ఉరకబోతున్నట్టు నిలబడింది. చేసినవాడికే దాని ఎదుటికి రావాలంటే బెరుకు పుట్టింది. పాడు మనసు, కాసేపు మురిసిపోయింది కూడా.

అన్నం తెచ్చిన వంటింటి సత్తమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

"రేపు పొద్దుగాల ఊరోళ్ళు నిన్ను ఇడిపించనీకి వస్తున్నరు. నీ సారమ్మ గూడ వస్తున్నదట. జర ఓపిక పట్టు తమ్మీ."

యాకోబు ఆ రాత్రే తన పనిముట్లు మూట కట్టుకున్నాడు.

ఆ కబురు దొరకూ చేరింది. తెల్లవారగానే జీతగాళ్ళ చేత జీపును గేటు దాకా తోయించాడు దొర. పెట్రోలు పిరమైంది, ఊరికే కాల్చనన్నాడు. గేటు బార్లా తెరిపించి, జీపెక్కి కూర్చున్నాడు. తెరిచిన గేటు తలుపు వెనక యాకోబు. అతని వీపుకు తుపాకీ ఆనించి దొర మనిషొకడు.

"నోరు మెదిపితే ఖతం," అన్నాడు దొర.

జనం వచ్చారు. కర్రలు, గొడ్డళ్ళు, వడిసెలలు. ముందు వరుసలో సారమ్మ. యాకోబు తలుపు సందులోంచి భార్యను చూశాడు. చిక్కిపోయింది.

జీపును చూసి అందరూ ఆగిపోయారు.

"అవేం చక్రాలే," అన్నారెవరో.

"తొక్కిచ్చుకుంట పోతడు. ఆడోళ్ళున్నరు, ఎనకకు జరుగుండ్రి," అన్నాడు ముందు నడుస్తున్న లింగయ్య.

దొర స్టీరింగ్ మీద చెయ్యి వేశాడు. జనం చెల్లాచెదురయ్యారు. సారమ్మ ఒక్కతే నిలబడింది. లింగయ్య ఆమె రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. పోతూ పోతూ ఆమె వెనక్కి చూస్తూనే ఉంది. యాకోబు చప్పుడు కాకుండా ఏడ్చాడు.

గేటు మూశారు. దొర తుపాకీవాణ్ణి పంపేసి జీపు దిగాడు.

"జీపు తయారైంది గద దొరా. నన్ను ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు యాకోబు.

"ఎట్ల ఇడుస్తరా?" అన్నాడు దొర, మెత్తగానే. "బయటికి పోతే చెప్పకుంట ఉంటవా?"

హరాజులో కొన్న నాటి నుంచీ ఆ జీపుకు ఇంజను లేదు.