నీటిపారుదల శాఖ

కొత్త మంత్రుల ప్రమాణ స్వీకారం రోజు పొద్దున, ప్రార్థన ముగించుకుని నేను తమ్ముడి తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. వాడు ఈల వేస్తూ గడ్డం గీసుకుంటున్నాడు. బయట డ్రైవర్ కారు తుడుస్తున్నాడు. అప్పుడే ముఖ్యమంత్రి కాబోతున్న పెద్దాయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

తమ్ముడు మొహాన నురగతోనే కూలబడ్డాడు.

“లిస్టులోంచి నా పేరు తీసేశారక్కా! ఎవడి నోట్లో నువ్వుగింజ నానదో చూద్దామని పెద్దాయన ఒక్కొక్కడికీ ఒక్కో శాఖ చెప్పారట. నీటిపారుదల అన్నది నాకొక్కడికేనట. ఇవాళ నా పేరుతో అదే పేపర్లో పడింది.”

“నువ్వెవరికి చెప్పావురా?”

“నీకు తప్ప పురుగుక్కూడా చెప్పలేదు. ఆయనతో మాట్లాడింది కార్లో కదా, ఆ డ్రైవర్ గాడు విన్నాడు! నిన్నట్నుంచీ నా మొహంకేసి చూడట్లేదు, గమనించావా?”

కిటికీలోంచి చూశాను. నిజంగానే అతను తల ఎత్తలేదు.

ఆ పగలంతా ఇంటిల్లిపాదీ అతన్నే కనిపెట్టి ఉన్నారు. నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే.

నాకు ధైర్యం వచ్చేసరికి సాయంత్రమైంది. అందరి ముందూ చెప్పాను. “మొన్న మా ప్రార్థన బృందంలో నలభై మందిని తమ్ముడి కోసం ప్రార్థించమన్నాను. దేవుడు పొరపాటున ఇంకో శాఖ ఇస్తాడేమోనని, దాని పేరు కూడా చెప్పాను.”

చివరికి డ్రైవర్‌నే మాన్పించాలని నిర్ణయించారు. పెద్దాయనకు చూపించడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా, అన్నారు.