ఫైర్‌వాల్ దొరగారికి ఉత్తరం

అంబాజీపేట కొబ్బరి రైతుల సంఘం ఆఫీసులో ఆ ఉదయం ఎవరూ టీ ముట్టుకోలేదు.

కార్యదర్శి బాబూరావు కంప్యూటర్ తెర మీది ఇంగ్లీషు నోటీసును తెలుగులో చదివి వినిపించాడు.

"'ఈ సాఫ్ట్‌వేర్‌ని ఇన్నేళ్ళూ ఒంటిచేత్తో నడిపాను. అది పాతబడింది, నేను అలిసిపోయాను. ఈ నెలాఖరుతో ఆపేస్తున్నాను.' అంతేనండి. కింద పేరు కూడా లేదు. ఈమెయిల్ ఒక్కటే ఉందండి."

"ఆపేస్తే మనకేంటంట?" అన్నారు అధ్యక్షులు కృష్ణమూర్తి గారు.

"మన ఫైర్‌వాల్ అదేనండి బాబూ! ఇంటర్నెట్లోంచొచ్చే దొంగల్ని గుమ్మంలోనే ఆపేస్తది. కొత్తరకం దొంగలు పుట్టినప్పుడల్లా ఆయన దాన్ని సరిచేస్తా ఉంటారు. మానేసేరంటే మన గుమ్మానికి గడియ లేనట్టేనండి. మొన్న మలికిపురంలో ఒకళ్ళకి వైరస్ దూరి ఫైళ్ళన్నీ బిగిసిపోయేయంట."

కృష్ణమూర్తి గారికి చెమట పట్టింది. ఆరువందల మంది రైతుల వివరాలు ఆ కంప్యూటర్లలోనే ఉన్నాయి. అవి పోతే ఎవరి కాయ ఏ లారీ ఎక్కిందో చెప్పే దిక్కుండదు.

"ఇంకోటి కొనలేమా?"

"కంపెనీలది కొంటే ఏడాదేడాదీ కట్టాలండి. ఇది ఓపెన్ సోర్స్, అందరికీ ఉచితం. అందుకే కదండీ మన దుర్గాశ్రీ దీన్ని పెట్టింది."

మూల టేబుల్ దగ్గర టైపు చేస్తున్న దుర్గాశ్రీ తలెత్తలేదు. ఉద్యోగంలో చేరి తొమ్మిదేళ్ళయినా ఆమె గొంతు ఎలా ఉంటుందో సగం మంది రైతులకు తెలియదు.

"అయితే ఆ దొరగారికి ఉత్తరం రాద్దాం. మర్యాదగా అడిగితే కాదంటాడేంటి? అమ్మా దుర్గాశ్రీ, నేను చెప్తాను, ఇంగ్లీషులో కొట్టు. మహారాజశ్రీ దొరగారికి..."

"దొరగారనే రాయాలాండి?" అంది దుర్గాశ్రీ.

"మరేమంటాం? అమెరికాలోనో జర్మనీలోనో ఉండుంటాడు ఆరడుగుల మనిషి. రాయి. మీరూ, అమ్మగారూ, పిల్లలూ కులాసా అని తలుస్తాం."

"పెళ్ళయిందో లేదోనండి..."

"అంత పెద్దాయనకి అవకుండా ఉంటదా! నీకు తెలీదు, రాయమ్మా. తమరు కాపలా కాస్తున్నట్టు ఇన్నాళ్ళూ మాకు తెలీదు. తెలీక ఒక్కనాడు కూడా దణ్ణం పెట్టలేదు. తప్పయిపోయింది."

దుర్గాశ్రీ వేళ్ళు ఆగిపోయాయి.

"ఏమ్మా, స్పెల్లింగ్ రాలేదా?"

"వచ్చిందండి" అంది, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"అడ్రసు చెప్తే ఆత్రేయపురం నుంచి నేతి పూతరేకులు పార్సిల్ చేయిస్తాం. మానకండి, బాబ్బాబు!"

"బాబ్బాబుకి ఇంగ్లీషులో ఏముందండీ?" అడిగాడు బాబూరావు.

"అలాగే పెట్టెయ్యవోయ్. ఆయనకి అర్థమవుద్ది."

ఉత్తరం వెళ్ళింది. అందరూ చల్లారిన టీ తాగారు. దుర్గాశ్రీ మంచినీళ్ళకని వరండాలోకి వెళ్ళింది.

పావుగంట గడిచిందో లేదో బాబూరావు కేక పెట్టాడు.

"జవాబండీ! 'దణ్ణం పెట్టింది మీరొక్కరే. ఇంకో రెండేళ్ళు చూస్తాను. పూతరేకులు వద్దు. ఈలోగా నేర్చుకునేవాళ్ళు ఇద్దరు దొరికితే చాలు, నా తర్వాత వాళ్ళు చూసుకుంటారు' అంటన్నారండి!"

కృష్ణమూర్తి గారు కుర్చీలోంచి లేచి, తెరకు నిజంగానే దణ్ణం పెట్టారు.

"చూసేవా! దొరలు దొరలేనోయ్. అమ్మా దుర్గాశ్రీ, ఎక్కడున్నావు? దొరగారు కరిగేరు!"

"ఆయ్, వస్తున్నానండి."

ఆ జవాబు పంపిన ఫోనును చేతిసంచిలో పడేసుకుంటూ దుర్గాశ్రీ వరండాలోంచి లోపలికి వచ్చింది.