రెండో కాపీ

“ఈ గది కాలిపోతే మీ కొలతలు ఎక్కడుంటాయమ్మా?”

కౌంటర్ ముందు నిలబడ్డ పెద్దమనిషి అడిగిన మొదటి మాట అది.

ఆవిడ తలెత్తి చూసింది. అరవై దాటిన మనిషి. నలగని చొక్కా, భుజాన సంచీ.

అది కృత్రిమ కాళ్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపు. తండ్రి పెట్టింది. రెండేళ్ల కిందట ఆయన పోయాక, ఆవిడ చేస్తున్న ఉద్యోగం మానేసి వచ్చి నడుపుతోంది. కంప్యూటర్లో ఆరువందల మంది కొలతలున్నాయి. ఎవరికి ఎక్కడ ఒరుసుకుందో, ఎన్ని మిల్లీమీటర్లు చెక్కితే నొప్పి తగ్గిందో, అన్నీ తండ్రి ఓపిగ్గా ఎక్కించి పోయాడు.

“పొద్దున్నే కాలిపోవడమేంటండీ! రెండో కాపీ ఉంది.”

“ఎక్కడ?”

“పక్క గది బీరువాలో.”

“పక్క గదంటే పక్క ఊరు కాదు కదమ్మా.”

ఆవిడకు చిర్రెత్తింది. “ఇంతకీ మీరేం అమ్ముతారు?”

“ఏమీ అమ్మను. ముప్పై ఏళ్లు ఒక ఆఫీసులో కంప్యూటర్ రికార్డులు చూశాను. మీరు రెండిట్లో ఒకటి చెయ్యండి. ఇంటర్నెట్ మీద రోజూ వేరేచోటికి కాపీ పంపండి. ఇక్కడ చెరిగితే అక్కడా చెరిగిపోకుండా, పాతవి దాచి ఉంచే రకం చూసుకోండి. లేదంటే వారానికోసారి డిస్కులోకి ఎక్కించి, పాస్‌వర్డ్ పెట్టి, ఈ బిల్డింగు దాటించండి. ఏది చేసినా నెలకోసారి తెరిచి చూసుకోండి. నేనెందుకింతగా చెబుతున్నానంటే...”

ఫోన్ మోగింది. ఆవిడ అందుకుంటూ, తర్వాత రమ్మన్నట్టు చెయ్యూపింది.

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు.

“కంప్యూటర్ సంగతులు మా తమ్ముడు చూస్తాడండీ. వాణ్ణి అడగాలి.”

“అడగండి. ఈలోపల మీకు తీరిక లేకపోతే నేనే శనివారం శనివారం వచ్చి డిస్కు తీసుకెళ్తాను. మా ఇంట్లో భద్రంగా పెడతాను. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి.”

ఆయన గడప దాటగానే, నిరుడు చేరిన టెక్నీషియన్ పెదవి విరిచాడు.

“ఉత్తినే మోస్తానంటున్నాడంటే ఏదో ఉంది మేడమ్.”

ఆవిడకూ అదే అనిపించింది. ఇంతమంది వివరాలు ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెడతారా ఎవరైనా?

సాయంత్రం తమ్ముణ్ణి అడిగింది.

“ఇంటర్నెట్‌దే మేలక్కా. డిస్కు మోసుకెళ్లడం ఎవరికి గుర్తుంటుంది? వచ్చే నెల పెట్టేస్తా.”

వచ్చే నెల వచ్చింది, వెళ్లింది.

మూడోసారి ఆయన గొంతు వినబడేసరికి ఆవిడ లోపలి గదిలో ఉంది.

“లేనని చెప్పు!” అంది టెక్నీషియన్‌తో. ఆ మాట వీధిలోకి వినబడేంత గట్టిగా వచ్చింది.

ఆయన విననట్టే ఉన్నాడు. “వచ్చాక ఇది ఇవ్వండి” అని ఒక కాగితం ఇచ్చి వెళ్లిపోయాడు. రెండు పద్ధతులూ గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఆవిడ దాన్ని ఫైళ్ల కింద దోపింది.

ఆ తర్వాత వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయి. పై అంతస్తులో నీళ్ల పైపు పగిలింది. నాలుగో రోజు తలుపు తీసేసరికి సీలింగు ముక్కలు కంప్యూటర్ మీద ఉన్నాయి. పక్క గదిలో బీరువా తెరిస్తే అరల్లోంచి నీళ్లు కారాయి.

రిపేరు చేసేవాడు కంప్యూటర్లోదీ, బీరువాలోదీ రెండు డిస్కులూ పది రోజులుంచుకుని తిరిగిచ్చాడు.

“లాభం లేదండీ. రెండూ పోయాయి.”

తమ్ముడు నీళ్లు నమిలాడు. “అక్కా, ఈ వారమే పెడదామనుకున్నా...”

“ఊరుకోరా.”

“నాన్న రాసుకున్న నోటుపుస్తకాలో?”

“అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా అని నేనే పారేయించాను.”

కౌంటర్ ఫోన్లో జనం నంబర్లు మాత్రం మిగిలాయి. టెక్నీషియన్ వరసపెట్టి అందరికీ చేశాడు. కొలతలు మళ్లీ తియ్యాలి, వీలు చూసుకుని రండి.

కొందరు తిట్టారు. కొందరు వచ్చారు. ఒక పెద్దావిడ కాలు విప్పి బల్లమీద పెట్టి అడిగింది.

“మీ నాన్న ఏడు నెలలు చెక్కితే కుదిరిందమ్మా నాకు. నువ్వెన్నాళ్లు చెక్కుతావు?”

ఆవిడ టేపు అందుకుని కొలవడానికి వంగింది.

గురువారం నాడు, బెంచీ మీద కూర్చున్నవాళ్ల మధ్య ఆ పెద్దమనిషి కనబడ్డాడు. ఆవిడే లేచి ఎదురెళ్లింది.

“మీరన్నట్టే అయిందండీ. కాపీ తియ్యడానికి కూడా ఏమీ మిగల్లేదు.”

“తెలుసమ్మా. ఫోన్ చేశారు.”

“ఎవరు?”

“మీవాళ్లే. రమ్మన్నారు.”

ఆవిడకు అర్థం కాలేదు. ఆయన కొలతలు తీసే స్టూలు మీద కూర్చున్నాడు. వంగి, ఎడమ పంట్లాం అంచు పట్టుకుని మోకాలి దాకా మడిచాడు.

పదకొండేళ్ల కిందట తండ్రి చెక్కిన కాలది. ఆయన ఇన్నిసార్లు తన ముందు నడిచినా, అది సొంత కాలు కాదని ఆవిడ పోల్చుకోలేకపోయింది.