పేటలో మొదటి స్థానం

“ఈ పేలుడు అబద్ధం!” అన్నారు రుజువు మాస్టారు, టీవీ వైపు వేలు చూపిస్తూ. “పొగ ఎడమవైపు పోతోంది, పక్కనే జెండా కుడివైపు ఎగురుతోంది. ఒకే చోట గాలి రెండు దిక్కులకీ వీస్తుందా? రెండు బొమ్మలు తెచ్చి అతికించారు.”

“కాఫీ చల్లారిపోతోంది,” అంది భార్య.

ఆయన భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. దెయ్యం గురించి చెప్పినా, దగ్గుమందు గురించి చెప్పినా “రుజువేదీ?” అని అడగడం వల్ల అసలు పేరు మరుగున పడి, ఈ పేరు మిగిలింది.

యుద్ధం మొదలైనప్పటి నుంచీ ఆ ఛానెల్‌లో రాత్రి ఎనిమిదికి ఒక కార్యక్రమం వస్తోంది. సైరన్లు, అరుపులు, కంప్యూటర్‌లో గీసిన మంటలు. ఆ మంటలే కింది వాటాలో ఉండే టైలరమ్మను పడగొట్టాయి. ఆవిడ కొడుకు సరిహద్దులో సైనికుడు. ఒకరోజు అతడి శిబిరం బూడిదైపోయిందని చూపించారు. ఆవిడ కుట్టుమిషను మీదే ఒరిగిపోయింది. మర్నాడు కొడుకే ఫోన్ చేసి, శిబిరం మీద ఈగ కూడా వాలలేదన్నాడు. ఛానెల్ క్షమాపణ చెప్పలేదు. డాక్టరు మాత్రం, ఇంకోసారి ఇలాంటి దెబ్బ తగిలితే ఆవిడ గుండె తట్టుకోదన్నాడు.

“ఆ కార్యక్రమం ఆపించి తీరతానమ్మా,” అని మాస్టారు మాట ఇచ్చారు.

పేటలో గడప గడపా ఎక్కి దిగారు. అందరూ ఆ ఛానెల్‌ను తిట్టినవాళ్లే. అందరూ మానేస్తామన్నవాళ్లే. కొట్టు బాబాయి ఏకంగా టీవీనే అటకెక్కించాడు.

“చూస్తుంటే నాకు బీపీ పెరుగుతోంది, వాళ్లకి బేరం పెరుగుతోంది. మధ్యలో నాకేంటి లాభం మాస్టారూ?” అన్నాడు.

పేట మొత్తానికి మాస్టారొక్కరే చూసేవారు. తప్పు పట్టాలంటే చూడక తప్పదు కదా! కిందికి వినపడకుండా సౌండు బాగా తగ్గించి, మొదటి సైరన్ నుంచి చివరి అరుపు దాకా చూసేవారు. పొద్దున మళ్లీ వేస్తే మళ్లీ చూసేవారు. ఆయన కుర్చీలో కూర్చోగానే భార్య వచ్చి, టీవీ పక్కనున్న స్టెబిలైజర్ మీట నొక్కి వెళ్లేది. శాస్త్రం ఆయనదైనా, ఇంట్లో కరెంటు వ్యవహారం ఆవిడదే.

దొరికిన ప్రతి తప్పుకీ ఆయన ఛానెల్‌కి ఫోన్ చేసేవారు.

“ఇవాళ పొగ గురించా సార్, సైరన్ గురించా?” అని అవతలి కుర్రాడు విసుగ్గా అడిగేవాడు. “నోట్ చేసుకున్నాం సార్.”

ఏదీ మారలేదు. మారకపోగా, ఆ రోజు కార్యక్రమం చివర ప్రకటన వచ్చింది. రేపటి నుంచి రెండు గంటలు! రేపు సైనికుడి తల్లి గుమ్మం నుంచి ప్రత్యక్ష ప్రసారం! తెర మీద కనిపించిన గుమ్మం పక్కన టైలరమ్మ బోర్డు ఉంది.

మాస్టారు ఫోన్ అందుకున్నారు. ఈసారి ఛానెల్ పెద్దాయన దొరికేదాకా వదల్లేదు.

“ఆవిడకి గుండెజబ్బు! ఎవర్నడిగి వస్తున్నారు?”

“జనం కోరుకుంటున్నారు సార్.”

“ఏ జనం? మా పేటలో ఒక్కడంటే ఒక్కడు మీ మొహం చూడటం లేదు. ఇంటింటికీ వెళ్లి అడిగాను.”

“నోటితో అందరూ అలాగే అంటారు సార్. మీ పేటలో మాదే మొదటి స్థానం. మిగతావాళ్లు దరిదాపుల్లో కూడా లేరు. అందుకే మీ దగ్గరికే వస్తున్నాం.”

“రుజువేదీ?”

“మీటరు సార్. రేటింగుల కంపెనీ వాళ్లు పేటకో ఇంట్లో పెడతారు. ఏ ఛానెల్ ఎంతసేపు నడిచిందో అదే లెక్కగడుతుంది. ఎవరింట్లో ఉందో మాకూ తెలీదు. మనుషులు అబద్ధం చెప్తారేమో గానీ, మీటరు చెప్పదు కదా సార్!”

జీవితంలో మొదటిసారి రుజువు అవతలివాడి చేతిలో ఉంది.

మాస్టారు విసురుగా మెట్లు దిగారు. టైలరమ్మ గుమ్మంలోనే కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించబోయి, ఎక్కక, మళ్లీ ప్రయత్నిస్తోంది.

“రేపు కెమెరాలతో వస్తామని ఎవరో ఫోన్ చేశారు మాస్టారూ. మావాడికేమైనా అయిందా? మీరైతే అబద్ధం చెప్పరు, చెప్పండి.”

“ఏమీ కాలేదమ్మా. వాళ్లకి పనీపాటా లేదు, అంతే.”

ఆయన సూది అందుకున్నారు. ఆయన వల్లా కాలేదు.

కొట్టు బాబాయి దగ్గరికి వెళ్లి నిలదీశారు. బాబాయి నిచ్చెన వేసి, అటక మీద టీవీకి పట్టిన దుమ్ము చూపించాడు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

“నా ఎదురుగా సరే సరే అని తలూపి, తలుపేసుకుని చూస్తున్నాడు, ఎవడో ఒక వెధవ! ఆ ఒక్కడి మూలాన రేపు ఆ తల్లి గుమ్మంలో కెమెరాలు దిగుతున్నాయి. మీటరు ఎవడింట్లో ఉందో తెలిస్తే, ఇప్పుడే వెళ్లి వాణ్ని వీధిలోకి ఈడుస్తాను!”

అలవాటుగా స్టెబిలైజర్ మీట నొక్కబోయిన భార్య చేయి మధ్యలోనే ఆగిపోయింది.

“మీరు సభలకి ఊరెళ్లినప్పుడు ఆ మీటరువాళ్లు వచ్చి బిగించి, మీరు టీవీ ముందు కూర్చున్నప్పుడల్లా మీట నొక్కమని, ఎవరికీ చెప్పొద్దని అన్నారండీ. మీతో అంటే పేటంతటికీ చెప్పినట్టేనని, మీకు దీన్ని స్టెబిలైజర్ అని చెప్పాను.”