కోడలి హెయిర్ డ్రయ్యర్

పై వాటాలో ఉన్న ఇంటి ఓనరుకి,

మూడేళ్లుగా మా కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా నవ్వావు. "పెద్దాయనా, మీ కోడలి జుట్టు ఆరేసరికి మీ పింఛను ఆవిరైపోతోందిగా!"

నేనూ నమ్మాను. డ్రయ్యర్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ పిల్ల చలికాలమంతా తడి తలతోనే ఆసుపత్రి డ్యూటీకి వెళ్లింది.

బిల్లు పైసా తగ్గలేదు. అనుమానమొచ్చి నిన్న పొద్దున మా ఫ్యూజు పీకాను. పైనుంచి నీ కేక వినపడింది. "ఒసేయ్, గీజరు ఆగిపోయిందే!"

మా మీటరు మీద ఇన్నాళ్లూ వేడినీళ్లు పోసుకున్నది నువ్వు.

నీ డబ్బు నాకొద్దు. తప్పు నాదేనని కోడలికి నోరు తెరిచి చెప్పాను. నీ వంతు మిగిలింది. ఆదివారం లోపు వచ్చి ఆమెకి జవాబు చెప్పు. లేదా సోమవారం కరెంటాఫీసులో చెబుదువుగాని.