వద్దు అనడంలో దిట్ట

"మా ఆడామెకు జిమ్ము గిమ్ము ఏమొద్దు. ఇగ మమ్మల్ని వదిలిపెట్టు" అన్నాడు జగదీశ్వర్, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకుండానే.

బల్లకు అటువైపున్న సూర్యకాంత్ మొహంలో నవ్వు చెదరలేదు. నాందేడ్ స్టేషన్ దగ్గర కొత్తగా తెరిచిన ఆ జిమ్ముకు అతనే మేనేజరు. తెలంగాణ సరిహద్దున ఉన్న ధర్మాబాద్‌లో పెరిగినవాడు కాబట్టి మరాఠీ ఎంత వచ్చో తెలుగూ అంతే వచ్చు.

"బఘా సాహెబ్, చూడుండ్రి, ఇయ్యాల ఆఖరి రోజు. రేపట్నుంచి ఈ ఆఫర్ ఉండది. మేడం ఒక్కరి కోసమని ఆపిన."

"నక్కో భాయ్, నక్కో!"

త్రివేణి భర్త మోచెయ్యి పట్టుకుంది. "జర ఇనుండ్రి. పిల్లలు బడికి పోతరు, మీరు డ్యూటీకి పోతరు. నాలుగు గోడల నడుమ ఉండి ఉండి నాకు పిచ్చి లేస్తున్నది. దినాం కొంచెంసేపు బయటికి రావాల్నని నాకుండదా?"

"ఇల్లు ఊడువు, బట్టలు పిండు. గంతకన్న కసరత్తు ఇంకేముంటది?"

ఎంత మాటన్నాడో చూడండి! త్రివేణి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అతను కరగలేదు. ఎందుకు కరుగుతాడు? రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో కూర్చుని పొద్దస్తమానం జనానికి "సీట్లు లేవు" అని చెప్పే మనిషి. ఏడ్చేవాళ్లను చూశాడు, బతిమాలేవాళ్లను చూశాడు, పెద్దపెద్దవాళ్ల పేర్లు చెప్పి బెదిరించేవాళ్లనూ చూశాడు. అందరినీ ఒకే గొంతుతో వెనక్కి పంపాడు. "వాని ముంగటనే వద్దని చెప్త. మళ్ల జిమ్ము పేరెత్తొద్దు" అని ఇంట్లోనే భార్యతో ఒప్పందం చేసుకుని మరీ వచ్చాడు.

సూర్యకాంత్ చాయ్ తెప్పించాడు. చాయ్ తాగాక కూడా జగదీశ్వర్ మాట మారలేదు.

"పోనీ, మీరు చేరుండ్రి సాహెబ్."

"నేనా? నాకేమైంది? గుండులెక్క ఉన్న!"

"అయ్యో, ఆయన జోలికి పోకుండ్రి" అంది త్రివేణి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "ఇవన్ని ఆయనతోని కావు."

జగదీశ్వర్ గిరుక్కున తిరిగాడు. "ఏంది కానిది?"

"మన బిల్డింగ్ మెట్లెక్కేటప్పుడు సగంల నిలబడి ఫోన్ చూస్తరు కదా. ఫోన్ల ఏముండది. దమ్ము తీసుకునేటందుకు నిలబడతరు. నాకు ఎరుక లేదనుకున్నరా?"

ఆ సంగతి తనకూ దేవుడికీ తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాడు జగదీశ్వర్, పాపం.

సూర్యకాంత్ ఇదే సందని లేచి, గోడ పక్కనున్న బరువు చూసే మిషన్ చూపించాడు. అది బరువుతో పాటు ఒంటి వయసు కూడా చెబుతుందట. "ఊకెనే సాహెబ్. దీనికి పైసలేం లేవు."

జగదీశ్వర్ రొమ్ము విరుచుకుని ఎక్కాడు. అతనికి నలభై మూడేళ్లు. మిషన్ అరవై ఒకటి చూపించింది.

"మిషన్ ఖరాబైంది!" అని అరిచాడు.

త్రివేణి చెప్పులు విడిచి తను ఎక్కింది. ఆమెకు ముప్పై ఎనిమిది. మిషన్ ముప్పై ఆరు చూపించింది. జగదీశ్వర్ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"అరవై ఒకటా? గీ లెక్కన నేను రిటైర్ అయిపోయి ఏడాదైందా?"

"భయపడకుండ్రి సాహెబ్. ఏడాది ప్యాకేజీ తీసుకుంటే..."

ఆ మాట వినగానే అతనిలోని కౌంటర్ మనిషి మళ్లీ మేలుకున్నాడు. "ఆలోచించి రేపు చెప్త" అన్నాడు తెగేసినట్టు.

సూర్యకాంత్ డీలా పడిపోయాడు. త్రివేణి మాత్రం ఆ మాట కోసమే చూస్తున్నట్టు చటుక్కున లేచింది.

"పదుండ్రి, పోదాం. పక్కింటి రామచందర్ సార్ ముచ్చట వేరు. మీకన్న పన్నెండేండ్లు పెద్దోడే, అయినా పొద్దుగాల లేచి గోదారి గట్టు పొంటి ఉరుకుతడు. మీకెందుకు ఇవన్ని? ఇంటికి పోయి పండుకుందురు గాని."

"ఆ రామచందర్‌తోని నాకు పోలికనా!" జగదీశ్వర్ మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. "ఏడాదిది రాయి!"

"వద్దు వద్దు. నాలుగు దినాలు అచ్చి మానేస్తరు. పైసలు దండుగ."

"నువ్వు ఊకో! ఏయ్, రెండేండ్లది రాయి!"

జేబులోంచి ఫోన్ తీశాడు, బల్ల మీదున్న కోడ్ స్కాన్ చేశాడు, డబ్బు పంపేశాడు. సూర్యకాంత్ అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అప్పటికి గానీ జగదీశ్వర్‌కు తను చేసిన పని ఏమిటో అర్థం కాలేదు. వద్దు అని చెప్పడానికి వచ్చినవాడు రెండేళ్లకు ఇరుక్కున్నాడు! పరువు దక్కించుకోవాలి కదా, భార్య వైపు తిరిగి వేలు చూపించాడు.

"నా సంగతి వేరు. నువ్వైతే ఇక్కడ చేరేది లేదు. నా మాట మాటే!"

"మీ ఇష్టం" అంది త్రివేణి బుద్ధిగా.

సూర్యకాంత్ అల్మారా తెరిచి, జిమ్ము పేరున్న నల్ల టీషర్టు ఒకటి తీశాడు. జగదీశ్వర్ చెయ్యి చాపి అందుకుని పొట్టకు ఆనించి చూసుకున్నాడు.

"చిన్నగున్నది. గిది నాకు పట్టది."

"అది మీది కాదు సాహెబ్" అంటూ సూర్యకాంత్ ఆ టీషర్టును తీసి త్రివేణి చేతిలో పెట్టాడు. "మేడం, రేపట్నుంచి డ్యూటీకి అచ్చెయ్యుండ్రి. ఒక్క మెంబర్‌ను చేర్పించి చూపెడితే కొలువు ఇస్తనన్న, మీరు రెండేండ్ల మెంబర్‌నే పట్టుకొచ్చిండ్రు!"