లాకు రిజిస్టరులో పేజీ

రిటైరైన ప్రాసిక్యూటర్ శశిభూషణ్ గారికి రాజమండ్రిలో సన్మానం. శాలువాలు కప్పేవాళ్ల వరసలో వరహాలక్ష్మి కూడా వేదిక ఎక్కింది. ఆమె చేతిలో శాలువా లేదు, జిరాక్సు కాగితం ఉంది.

“ఇది చదవండి. మైకులో చదవండి.”

కాలువ లాకు రిజిస్టరులో పేజీ అది. పదకొండేళ్ల కిందట మండపేటలో ఒక అమ్మాయి హత్య జరిగిన మధ్యాహ్నం, అక్కడికి చాలా దూరంలో ధవళేశ్వరం లాకు దగ్గర డ్యూటీలో ఉన్న లస్కరు గంటగంటకీ నీటిమట్టం రాసి సంతకం పెట్టాడు. ఆ హత్య చేశాడనే అతనికి ఉరిశిక్ష పడింది.

“ఈ పేజీ మొదటి నుంచీ మీ ఫైల్లోనే ఉందట. జడ్జిగారికి చూపించకుండా ఎందుకు దాచారండీ?”

శశిభూషణ్ మైకు పక్కకి జరిపి గొంతు తగ్గించాడు. “మొన్న హైకోర్టు మీ ఆయన్ని వదిలేసింది కదమ్మా! ఇంకా ఏంటి గొడవ? ఇంటికెళ్లి ఆయనకింత అన్నం వండిపెట్టండి.”

ఆమె మైకు తన వైపు లాక్కుంది.

“నన్ను గుర్తుపట్టలేదన్నమాట! ఆయన నాకేమీ కారండి. సాక్షి బోనెక్కి ‘వీడే, నా కళ్లతో చూశాను’ అని చెప్పమంటూ మూడు రోజులు మీ ఆఫీసులో కూర్చోబెట్టి నాచేత వల్లె వేయించారే, ఆ తల్లిని నేను. అంత చదువుకున్నవారు, మీకు తెలీదా అని నమ్మి చెప్పాను.

పోయింది నా కూతురండి. దాన్ని చంపినవాణ్ణి ఈ పదకొండేళ్లూ ఎవరూ వెతకలేదు. ఇందాక ఈ హాల్లోనే కూర్చుని మీకు చప్పట్లు కొట్టాడేమో, నాకేం తెలుసు?”